గాలికి వీపు పెట్టి నిలబడు

దసరా సెలవులకి మా మనవరాలు చర్ల వచ్చిందంటే సాయంత్రాలు మేమిద్దరం తాలిపేరు ప్రాజెక్టు కట్ట మీదే ఉంటాం. మొన్న అక్కడే అడిగింది: "తాతయ్యా, ఎక్కడో సముద్రం నడిమధ్య ఒక దీవి ఉందనుకో. తెరచాప పడవలో అక్కడికి క్షేమంగా వెళ్లాలంటే ముందు ఏం కావాలి? పెద్ద పడవా?"

"పడవ తర్వాతమ్మా. ముందు తేదీ కావాలి," అన్నాను.

గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకి ఇది కొత్త మాటేం కాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. వానాకాలంలో చర్ల నుంచి భద్రాచలం ఆసుపత్రికి వెళ్లాల్సిన నిండు చూలాలు ఇంట్లో ఉంటే, తెలిసినవాళ్లు మూడో హెచ్చరిక దాకా ఆగరు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగుతున్నాయని చెవిన పడగానే, దారి మునగకముందే బయల్దేరతారు. సముద్రం మీద ప్రయాణానికీ అదే చూపు కావాలి.

దానికి నేను చెప్పే కథ 'తారిణి'ది. గోవాలో కట్టిన 55 అడుగుల తెరచాప పడవ. మన నౌకాదళంలోని ఆరుగురు ఆడపిల్లలు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న మళ్లీ గోవాకే చేరారు. మొత్తం 254 రోజులు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు పిల్లలే: విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆ పేర్లు చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్ రేవు నుంచి, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి, ఫాక్లాండ్ దీవులు చేరడం వాళ్ల ప్రయాణంలో అన్నిటికన్నా గడ్డు మజిలీ. దాదాపు నలభై రోజులు నేల మీద కాలు పెట్టింది లేదు.

లిటిల్‌టన్ వదిలింది డిసెంబరు 12న. ఆ తేదీ ఊరికే పడలేదు. మనం చలిమంట వేసుకునే రోజుల్లో అక్కడ వేసవి. కేప్ హార్న్ దగ్గరికి జనవరిలో చేరితే రోజుకి పదహారు గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. తేలివచ్చే మంచుగడ్డని చీకట్లో చూడటం వేరు, పగలు చూడటం వేరు.

"వేసవైతే సముద్రం నెమ్మదిగా ఉంటుందా?" అంది మనవరాలు.

ఉండదు. ఎందుకుండదో తాలిపేరే చూపించింది. ఆ సాయంత్రం గాలి అడవి వైపు నుంచి కట్ట మీదికి వీస్తోంది. అవతలి ఒడ్డు పక్కన నీళ్లు అద్దంలా ఉన్నాయి. మధ్యకొచ్చేసరికి సన్నటి ముడతలు. మా కాళ్ల కింద రాళ్లకి మాత్రం అలలు టపటపా కొట్టుకుంటున్నాయి. గాలి అదే, నీళ్లూ అవే. తేడా అల్లా ఆ గాలి నీటి మీద ఎంత దూరం పరిగెత్తిందన్నదే. పరిగెత్తిన కొద్దీ అల పెరుగుతుంది. భూమికి దక్షిణాన 56వ అక్షాంశం దాటాక, అంటార్కిటికా దాకా, గాలికి అడ్డంగా చెప్పుకోదగ్గ నేలన్నదే లేదు. పడమటి గాలి భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, అలని పెంచుతూనే ఉంటుంది. ఆ పెరిగిన అలలన్నీ కేప్ హార్న్‌కీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సుమారు 800 కిలోమీటర్ల సందులోంచి దూరిపోవాలి. తాలిపేరు అలకి కొన్ని కోట్ల రెట్ల అక్క అది.

ఇంటికొచ్చాక వాళ్ల అమ్మమ్మ దగ్గర గుమ్మడికాయ అడిగి తెచ్చుకున్నాం. తొడిమ ఉత్తర ధ్రువం. నడుముకి సుద్దముక్కతో భూమధ్యరేఖ. దాని కింద సగం దూరంలో లిటిల్‌టన్‌కి ఒక చుక్క, కాయ చుట్టూ మూడోవంతు దూరం వెళ్లాక ఇంకాస్త కిందగా కేప్ హార్న్‌కి ఇంకో చుక్క. రెండింటి మధ్యా దారం పెట్టి బిగించి లాగమన్నాను. దారం అడ్డంగా నిలవలేదు; కాయ అడుగుకి జారిపోయింది. "ఇదేంటి, కిందికి పోతోంది!" అంది. గుండ్రటి వస్తువు మీద దగ్గరి దారి అదేనమ్మా. కానీ ఆ దారినే పోతే పడవ అంటార్కిటికా మంచు అంచుల్లో తేలుతుంది. అందుకే దూరమైనా సరే, దారాన్ని చూపుడువేలితో పైకి ఎత్తి పట్టుకున్నట్టు దారి ఎంచుకోవాలి.

ఎత్తి పట్టడానికి ఇంకో కారణం ఉంది. అది మన గోదారి కథతో ముడిపడింది.

చర్ల ముందునుంచి పోయే నీరు చివరికి కలిసే చోట కోరంగి అని ఒకప్పుడు గొప్ప రేవు ఉండేది. ఓడలు కట్టేవాళ్లు, ఓడలెక్కేవాళ్లు. మారిషస్ వెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారు. ఆ రేవుని 1789లో ఒక తుఫాను, 1839లో ఇంకొకటి ముంచేశాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి తుఫానుల మీద ఓడల దినచర్య పుస్తకాలు పోగేసి, కోరంగిదీ కలిపి, ఏ గంటకి ఎక్కడ ఏ వైపు గాలి వీచిందో గీసి చూశాడు. గాలి తిన్నగా రావడం లేదు, పాము చుట్ట చుట్టినట్టు తిరుగుతోందని తేలింది. ఆ చుట్టకే 1848లో ఆయన 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. నావికుల కోసం రాసిన పుస్తకంతో పాటు, పలుచటి కొమ్ము పలకల మీద గాలి చక్రాలు గీసి ఇచ్చాడు. పటం మీద పెట్టి చూస్తే తుఫాను కన్ను ఎటుందో తెలుస్తుంది. ఉత్తరార్ధానికి ఒక పలక, దక్షిణార్ధానికి ఇంకొకటి.

పలక లేకపోయినా ఒళ్లు ఉంది. గాలికి వీపు పెట్టి నిలబడు. మన దగ్గర అల్పపీడనం నీ ఎడమచేతి వైపు ఉంటుంది. భూమధ్యరేఖ దాటితే కుడిచేతి వైపు. తారిణి తూర్పుకి పోతోంది, పడమటి గాలి వీపున తోస్తోంది; అంటే వాయుగుండం కుడివైపు, దక్షిణాన ఉంది. అదలాగే కుడివైపు ఉన్నంతసేపూ గాలి సాయం. తొందరపడి దక్షిణానికి దిగి గుండానికి ఆవలి పక్కన పడ్డారో, అదే గాలి ముఖాన కొడుతుంది. ఆ జాగ్రత్తలన్నీ తీసుకున్నా పసిఫిక్‌లో వాళ్లకి భారీ తుఫాను తగలనే తగిలింది. తెరచాప తగ్గించుకుని, నడుముకి తాళ్లు కట్టుకుని, వంతులవారీగా చుక్కాని పట్టారు. జనవరి మూడో వారంలో కేప్ హార్న్ చుట్టి ఫాక్లాండ్ చేరారు.

నీళ్ల లెక్క మనవరాలి చేత వేయించాను. మనిషికి రోజుకి మూడు లీటర్లు, ఆరుగురు, నలభై రోజులు. "ఏడొందల ఇరవై," అంది. "నలభై రోజులని సముద్రం నీకు మాటిచ్చిందా?" అన్నాను. కొట్టేసి అరవైతో వేసింది. వెయ్యి దాటింది. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం పడవలో ఉన్నా, అది చెడిపోయిందనుకునే లెక్క కట్టాలి.

చెడిపోవడం మాటకొస్తే, తిరుగుదారిలో హిందూ మహాసముద్రంలో తారిణి స్టీరింగే పాడైంది. మారిషస్‌లో ఆగాలని మొదటి ప్రణాళికలో లేదు. అయినా పడవని అటు తిప్పి, బాగు చేయించుకుని, అప్పుడు గోవా దారి పట్టారు. పట్టుదల కన్నా ఆ మలుపే నాకు ఎక్కువ నచ్చింది. పటం మీద గీత గీసేటప్పుడే, ఎక్కడ చెడితే ఎటు తిరగాలో పక్కన చిన్న గీతలు గీసి పెట్టుకున్నవాళ్లే అలా తిరగగలరు.

మూడో రోజుకి ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెప్పారు, ఎక్కడుందో చెప్పేలోపే కరెంటు పోయింది. మనవరాలు చినుకుల్లోనే వాకిట్లోకి దిగింది. కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసి, గాలికి వీపు పెట్టి, ఎడమచెయ్యి బార్లా చాపింది. మబ్బుల్లో దిక్కు తెలియక, చెయ్యి దించకుండానే అరిచింది: "తాతయ్యా, నా వేళ్లు ఏ ఊరి వైపున్నాయి?"

చూశాను. ఆగ్నేయంగా, కాకినాడ వైపు ఉన్నాయి.