మావ కారు ఇంజను విప్పినప్పుడు



సంక్రాంతి సెలవుల గురించి రాయమంటే అందరూ అరిసెలు, థింసా గురించి రాశారు. నేనూ అరిసెలు తిన్నాను, కానీ ఆ పది రోజులూ నా చేతులకి డీజిలు వాసనే. మా మావ అంబాసిడర్ కారు ఇంజను విప్పారు. నేను దగ్గరుండి కడిగాను, కొలతలు రాశాను. పాత ఇంజను పనికొస్తుందా రాదా అన్నది ఎలా తెలుస్తుందో చెప్తాను.

మావ కారు పాడేరు ఘాట్ మీద తిరుగుతుంది. సంతకి మనుషుల్ని, మిరియాల బస్తాల్ని తీసుకెళ్తుంది. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే ఆస్పత్రికి అదే దిక్కు. మా అప్పని కానుపుకి అందులోనే దింపారు. దసరా నుంచి ఆ కారు నీలం పొగ వదలడం మొదలెట్టింది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, ఆగకుండా తెల్ల పొగ వస్తే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు, నీలం పొగ అయితే ఇంజను ఆయిలు కాలిపోతున్నట్టు. కింద పట్నంలో ఒక షెడ్డు వాళ్లు ఏమీ విప్పకుండానే "బోరు అయిపోయింది, బ్లాకులో ఇంక కండ లేదు, వేరే ఇంజను వేసుకో" అనేశారు. మావ ఎద్దుల జత బేరం పెట్టేశాడు. అత్త రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అప్పుడు మా పక్క ఊరి మేస్త్రి తాత వచ్చి "విప్పకుండా ఏటి తెలుస్తాది? ఎద్దుల్ని నాలుగు రోజులు ఆపు" అన్నాడు. తాత చేతిలో పని ఉంది గానీ చూపు తగ్గింది, చదువు రాదు. అందుకని రాత పని నాకిచ్చారు. మా ఇంట్లో చదివేదాన్ని నేనొక్కదాన్నే మరి.

ఈ కారు బెంగాల్లో ఉత్తరపారా అనే చోట తయారయ్యేది, 2014లో ఆపేశారు. ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. ఒక్కొక్కటి 73.025 మిల్లీమీటర్ల వెడల్పు. పిస్టన్ 88.9 మిల్లీమీటర్లు పైకీ కిందికీ తిరుగుతుంది. స్తూపం ఘనపరిమాణం సూత్రంలో వేసి నాలుగుతో గుణిస్తే 1489 ఘన సెంటీమీటర్లు వస్తుంది. నేను వేసి చూశాను, సరిపోయింది.

విప్పకముందే తాత ఒక పరీక్ష చేశాడు. ప్లగ్గు తీసి ఆ కన్నంలో గేజి పెట్టి, ఇంజను తిప్పి, లోపల గాలి ఎంత బిగువుగా నొక్కుతోందో చూశాడు. నాలుగో సిలిండరు బాగా తక్కువ. తరవాత అదే కన్నంలో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూస్తే బిగువు పెరిగింది. ఆయిలు వెళ్లి పిస్టన్ చుట్టూ సందుని మూసింది గనక పెరిగింది. అంటే తప్పు రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వుల మీద అనుమానపడాలి.

ఇంజను దింపాక ముందు బయట మట్టి కడిగాం. కిరసనాయిలు దొరకలేదు, డీజిలుతోనే కడిగాం. పెట్రోలు వద్దన్నాడు తాత, దాని ఆవిరి దూరంగా ఉన్న చుట్ట నిప్పుకి కూడా అంటుకుంటుందట. బయట కడగకుండా విప్పితే ఆ ఇసుకంతా లోపలికి రాలుతుంది.

విప్పిన ప్రతి వస్తువూ ఏ చోటునుంచి వచ్చిందో ఆ చోటుకే మళ్లీ వెళ్లాలి. ఇన్నేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని అరిగినవి కదా, మారిస్తే పట్టవు. అందుకని బోల్టులు వేరువేరు అడ్డాకు డొప్పల్లో పెట్టాం. ఎనిమిది పుష్‌రాడ్లని అట్టకి కన్నాలు పెట్టి, నంబర్లు రాసి గుచ్చాను. వాల్వు స్ప్రింగులు, చిన్న చిన్న లాకులు కోడిగుడ్ల అట్టలో పెట్టాను. మన హాస్టల్లో పారేసే అట్టలు చూస్తే ఇప్పుడు నాకు మనసొప్పడం లేదు.

హెడ్డు పైకెత్తితే లోపల అంతా నల్లటి బొగ్గు. దాన్ని కార్బన్ అంటారు. హెడ్డు ఇనుముది కాబట్టి మొండి స్క్రూడ్రైవరుతో గీకొచ్చు. పిస్టన్లు అల్యూమినియంవి, మెత్తన, అందుకని వెదురు బద్దతోనే గీకాలి. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే తొందరగా పోతుంది కదా అన్నాను, గొప్పగా. తాత వద్దన్నాడు. ఆ నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి. మన రసాయన శాస్త్రంలో హైడ్రోజన్ వస్తుందని చదివాం గదా, అదే చర్య. గీకుతుంటే హెడ్డులో గుంటలు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ అచ్చు రావి ఆకు ఆకారంలో ఉంది. నాలుగు రావి ఆకులు వరసగా.

మొదటి పిస్టన్ తల మీద బొగ్గు పోయాక చిన్న అక్షరాలు కనిపించాయి. గుడ్డతో తుడిచి చదివాను. ఎస్, టి, డి. "ఫోను బూతులో రాసేవోళ్లు అది, ఇక్కడెందుకుంది?" అని మావ నవ్వాడు. తాత మాత్రం నవ్వలేదు. "మళ్లీ చదువు గుంటా" అన్నాడు. మిగిలిన మూడూ గీకి చదివాను, అన్నిటి మీదా అదే. స్టాండర్డ్ అని దాని అర్థం. సిలిండరు అరిగితే లేత్ షాపులో కాస్త పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. అప్పుడు పిస్టన్ మీద 20 అనో 40 అనో ఉంటుంది. అంటే అంగుళంలో వెయ్యో వంతులు, మేస్త్రీలు థౌ అంటారు. స్టాండర్డ్ అని ఉందంటే ఈ బ్లాకుని ఇంతవరకు ఎవరూ బోరింగ్ చేయలేదు. కండ లేదన్నది తప్పు! మావ అలా కూలబడిపోయాడు.

కానీ ఎంత అరిగిందో తెలియాలి. బోరు పైఅంచు కింద గోరు పెట్టి జరిపితే చిన్న గట్టు తగులుతుంది. రింగు అంత పైకి వెళ్లదు, అక్కడ అరగదు. దాని కిందే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే మంట బలమంతా అక్కడే, ఆయిలు కూడా అక్కడ పలచన.

లోపల కొలిచే డయల్ గేజి తాత దగ్గర లేదు. ఏం చేశాడో చూడండి. పిస్టన్ రింగు ఒకచోట తెగిన గాజు లాంటిది. ఆ గాజుని బోరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో తిన్నగా నెట్టి, తెగిన చోట సందుని ఫిల్లర్ గేజి రేకులతో కొలవాలి. ముందు అట్టడుగున, అక్కడ రింగులు తిరగవు గనక అరుగుదల ఉండదు. తరవాత పైన గట్టు కింద. అన్నిటికీ ఒకే రింగు వాడాం. అడుగున నాలుగింటిలోనూ 16 థౌ వచ్చింది. పైన మొదటిదానిలో 32, రెండో దానిలో 35, మూడోదానిలో 36, నాలుగో దానిలో 44.

"తేడాలో మూడోవంతు తియ్యి, అదే అరుగుదల" అన్నాడు తాత. ఎందుకు మూడోవంతు అంటే "మా గురువు చెప్పేడు" అన్నాడు. ఆ రాత్రి పడుకున్నాక నాకు తట్టింది. సందు పెరిగిందంటే చుట్టుకొలత పెరిగినట్టు. చుట్టుకొలత అంటే వ్యాసం ఇంటూ 3.14. కాబట్టి సందు తేడాని 3.14తో భాగిస్తే వ్యాసంలో తేడా! నాలుగో దానికి 44 లోంచి 16 తీస్తే 28, భాగిస్తే దగ్గర దగ్గర 9 థౌ. మిల్లీమీటరులో పావు వంతు కూడా కాదు. అంత చిన్నదానికే ఆయిలు పైకెక్కి కాలిపోతుంది. మొదటిది 5, మిగతా రెండూ సుమారు 6. పొద్దున్నే తాతకి చెప్తే చాలాసేపు నా నోటుబుక్కుని చదవలేకపోయినా చూస్తూ ఉన్నాడు.

ఒట్టి రింగులు మారిస్తే 9 ఉన్నచోట మళ్లీ పొగ వస్తుందన్నాడు. ఒక్కదాన్నే బోరింగ్ చేస్తే కుదరదు, నాలుగూ ఒకే సైజులో ఉండాలి. 20 సైజు అని తేల్చాం.

హెడ్డులో పగుళ్లు చూడ్డానికి మన సుద్దముక్కే చాలు. డీజిలు రాసి, కాసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే లోపల దాగిన డీజిలు ఊరి సుద్ద మీద తడి గీత వస్తుంది. మూడో గుంటలో గీత వచ్చింది! అందరం నోరు మూసుకున్నాం. తాత బాగా తుడిచి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ సుద్ద చల్లాడు. ఈసారి రాలేదు. పగులైతే ఊరుతూనే ఉంటుంది. అది స్క్రూడ్రైవరుతో నేను గీసిన గీత. నా మొహం చూసి అత్త నవ్వింది. నేను మాత్రం ఆ తరవాత హెడ్డుని కూడా వెదురు బద్దతోనే గీకాను.

క్రాంకు మీద గోరు జరిపితే ఎక్కడా గీత తగల్లేదు. అడ్డంగా, నిలువుగా రెండువైపులా స్క్రూ గేజితో కొలిస్తే ఒకేలా ఉంది, కోడిగుడ్డులా అవలేదు. బేరింగు రేకుల్లో మాత్రం రెండింటికి రాగి రంగు తేలింది. పై పూత అరిగిందన్నమాట. రేకులన్నీ కొత్తవి వేయాలి.

బోరింగ్ చేయించి తెచ్చాక ఇంకో పెద్ద కడుగుడు. బోరింగ్ చేసినప్పుడు సన్నటి రజను గోడల్లో ఇరుక్కుంటుంది. దాన్ని డీజిలు తియ్యలేదు. వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి, బ్రష్షు కావాలి. నా పాత యూనిఫారం చొక్కా తెల్లగుడ్డ చించి లోపల తుడిచాను. బూడిదరంగు వచ్చింది. మళ్లీ కడిగాం, మళ్లీ బూడిదే. అయిదోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. వెంటనే ఆరబెట్టి ఆయిలు రాయాలి, లేకపోతే చూస్తుండగానే తుప్పు పడుతుంది.

బోరింగుకి, పిస్టన్లకి, రేకులకి మిరియాల డబ్బు సరిపోయింది, కొంచెం అప్పు కూడా అయింది. ఎద్దులు పాకలోనే ఉన్నాయి. నేను హాస్టల్‌కి ఆ కారులోనే వచ్చాను. కొత్త రింగులు కాబట్టి మావ ఘాట్ మీద మెల్లగా నడిపాడు. వెనక అద్దంలోంచి పొగ కోసం చూస్తూనే వచ్చాను. లేదు.

కొలతల పట్టిక నా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఉంది, కావాల్సినవాళ్లు అడిగి చూడొచ్చు. సైన్సు బీరువాలో ఉన్న స్క్రూ గేజిని ఆదివారం ఒక గంట బయటికి తీయిస్తే, అది ఎలా చదవాలో నేను చూపిస్తాను మేడమ్.

— 9వ తరగతి విద్యార్థిని