ఏ నెహ్రూ నగర్? ఏ బిలాస్‌పూర్?: వెబ్ పేజీకి పేరు పెట్టే విధానం

నెహ్రూ నగర్ అనే పేట మన దేశంలో ఎన్ని పట్టణాలలో ఉన్నదో లెక్క పెట్టడం కష్టం. ఢిల్లీలో ఉన్నది, భోపాల్‌లో ఉన్నది, ఘజియాబాద్‌లో ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఒక్కదానిలోనే ఉక్కు పట్టణమైన భిలాయీలో ఒకటి, రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌లో మరొకటి ఉన్నాయి. కవరు మీద “నెహ్రూ నగర్” అని మాత్రమే వ్రాసి తపాలా పెట్టెలో వేసేవారు ఎవరూ ఉండరు. ఒకే పేరు గల ఊళ్ళ వల్ల, పలు భాషల వ్రాతల వల్ల కలిగే తికమకను తొలగించడానికే తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్‌ను ప్రవేశపెట్టింది.

అంత జాగ్రత్త తెలిసిన మనిషే తన దుకాణానికో, బడికో, సంఘానికో ఇంటర్నెట్‌లో ఒక పుట తెరిచినప్పుడు ఆ సంగతి మరచిపోతాడు. పుట శీర్షికగా “స్వాగతం” అనో, “హోమ్” అనో, “మా గురించి” అనో వ్రాసి తృప్తిపడతాడు. లోపల ఎంత విలువైన సమాచారం ఉన్నా, ఆ పుట చిరునామా లేని ఉత్తరమే అవుతుంది.

ఒకే పేరు, వేరు వేరు ఊళ్ళు

బిలాస్‌పూర్ ఈ సమస్యకు చక్కని ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో 2000 నవంబరు నుంచి ఆ రాష్ట్ర హైకోర్టు ఉన్నది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ నగరమే కేంద్రం. రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. కాని హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ నది ఒడ్డున మరొక బిలాస్‌పూర్ ఉన్నది. అదీ జిల్లా కేంద్రమే. ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూర్ జిల్లాలో ఇంకొకటి ఉన్నది.

ఇది కేవలం భూగోళ పాఠం కాదు. 2022 అక్టోబరు 5న ప్రధానమంత్రి “బిలాస్‌పూర్ ఎయిమ్స్” ఆస్పత్రిని ప్రారంభించారు. అది హిమాచల్ బిలాస్‌పూర్‌లోనిది. ఛత్తీస్‌గఢ్‌లోని ఎయిమ్స్ ఆస్పత్రి రాయపూర్‌లో ఉన్నది. బిలాస్‌పూర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. రోగిని ఇంట్లో పెట్టుకొని, ఆదుర్దాతో సెల్‌ఫోనులో వెతికే బంధువుకు “బిలాస్‌పూర్ – రోగులకు సూచనలు” అనే శీర్షిక కనిపిస్తే, అది ఏ రాష్ట్రానిదో అతడు ఎట్లా గ్రహిస్తాడు? రాష్ట్రం పేరు ఒక్కటి చేర్చి ఉంటే ఆ సందేహానికి చోటే ఉండదు.

పొడి అక్షరాలతో తంటా మరీ ఎక్కువ. రైల్వేవారి పుస్తకాలలో బి.ఎస్.పి. అంటే బిలాస్‌పూర్ జంక్షన్. భిలాయీవాసికి బి.ఎస్.పి. అంటే ఉక్కు కర్మాగారం. దేశంలో తక్కినవారికి అదొక రాజకీయ పక్షం. ఇంట్లోవారికి అలవాటైన పొట్టి పేరు బయటివారికి పొడుపుకథ.

యంత్రం చూసేది, మనిషి చూసేది

వెబ్ పేజీలను వ్రాసే హెచ్.టి.ఎం.ఎల్. భాషకు టిమ్ బెర్నర్స్-లీ 1991లో తయారుచేసిన తొలి గుర్తుల పట్టికలోనే “టైటిల్” అనేది ఉన్నది. అది పుట లోపల కనిపించే పెద్ద అక్షరాల శీర్షిక కాదు. పుటకు వెలుపల నిలిచే పేరు. బ్రౌజరు పైఅంచున, దాచుకొన్న పుటల జాబితాలో, సెర్చ్ ఇంజన్ చూపే ఫలితాలలో కనిపించేది సాధారణంగా అదే. లోపలి శీర్షికకు చుట్టూ బొమ్మలు, వాక్యాలు తోడుగా ఉంటాయి. వెలుపలి పేరు మాత్రం ఒంటరిగా ప్రయాణం చేస్తుంది. కాబట్టి తన అర్థాన్ని తానే మోసుకొని పోవాలి.

సెర్చ్ ఇంజన్‌లు ఈ పేరుకు మొదటినుంచీ విలువ ఇచ్చాయి. గూగుల్ స్థాపకులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో తమ పరిశోధనను వివరిస్తూ, శీర్షికలోని మాటలను పుట లోపలి మామూలు మాటలనుంచి వేరుచేసి నమోదు చేస్తున్నట్లు తెలిపారు. సుమారు 1 కోటి 60 లక్షల పుటల కేవలం శీర్షికలను ఆధారం చేసుకొని ఒక ప్రయోగాత్మక శోధన యంత్రాన్ని కూడా వారు నడిపి చూశారు. నాటి పద్ధతులు ఎన్నో మారాయి. పుటలో మరుగున వ్రాసే “కీవర్డ్స్” జాబితాను ఫలితాల వరుస నిర్ణయించడంలో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లో ప్రకటించింది. శీర్షిక స్థానం మాత్రం చెదరలేదు.

అయితే యజమాని పెట్టిన పేరును యంత్రం గుడ్డిగా అంగీకరించదు. ఖాళీగా ఉన్న పేరు, అన్ని పుటలకూ ఒకటిగానే ఉన్న పేరు, కాలం చెల్లిన సంవత్సరం అతుక్కొని ఉన్న పేరు కనిపిస్తే, పుటలోని ఇతర మాటలతో తానే మరొక పేరు కట్టి చూపవచ్చు. 2021లో గూగుల్ ఈ పద్ధతిని మార్చింది. సుమారు 87 శాతం సందర్భాలలో యజమాని పెట్టిన శీర్షికనే వాడుతున్నట్లు ఆ సంవత్సరం సెప్టెంబరులో తెలియజేసింది. తన బిడ్డకు తాను సరైన పేరు పెట్టకపోతే ఊరివారు తమకు తోచిన పేరుతో పిలుస్తారు కదా!

ఈ పేరుతో మరింత అవసరం గలవారు చూపు లేనివారు. వారు కంప్యూటరును స్క్రీన్ రీడర్ సాయంతో విని వాడుకొంటారు. కొత్త పుట తెరవగానే సాధారణంగా మొదట వినిపించేది దాని శీర్షికే. పది పుటలు తెరిచి ఉంటే, పదింటికీ “స్వాగతం” అనే మాటే వినిపిస్తే వారి గతి ఏమిటి? అందుకే ప్రతి పుటకూ విషయం తెలిపే శీర్షిక ఉండాలనేది 2008లో వెలువడిన అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణాలలో కనీస నియమంగా చేరింది.

మంచి పేరు లక్షణాలు

ఒక పుటకు పేరు పెట్టేవారు తమను తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో ఏమున్నది? ఇది ఎవరిది? ఎక్కడిది? బిలాస్‌పూర్‌లో ఒక తెలుగు సంఘం ఉగాది సభను గురించి పుట తయారుచేసిందనుకొందాం. “కార్యక్రమాలు” అంటే ఏమీ తెలియదు. “ఉగాది సభ కార్యక్రమం – తెలుగు సంఘం, బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్” అంటే మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది. నెహ్రూ నగర్‌లో లెక్కలు బోధించే ఉపాధ్యాయుడు “ఉత్తమ విద్యాలయం” అని కాక, “పదవ తరగతి లెక్కల ట్యూషన్ – నెహ్రూ నగర్, బిలాస్‌పూర్” అని వ్రాసుకోవడం మేలు.

ముఖ్యమైన మాట ముందు రావాలి. అక్షరాలు ఇన్ని ఉండాలనే కచ్చితమైన నియమం లేదు. కాని సెల్‌ఫోను తెర ఇరుకైనది. పొడుగు పేరు తోక తెగిపోతుంది. తెగినా నష్టం లేని మాటలు చివర ఉండాలి. ప్రతి పుట పేరూ సంస్థ పూర్తి పేరుతో, బిరుదులతో మొదలైతే, పాఠకుడికి తేడా తెలిపే మాట కనిపించనే కనిపించదు.

ఏ పుటకు ఆ పుట పేరు వేరుగా ఉండాలి. ఈ మర్మం రైల్వేవారికి ఏనాడో తెలుసు. కాకినాడలో రెండు స్టేషన్లు ఉంటే ఒకదానిని టౌన్ అని, రెండవదానిని పోర్ట్ అని పిలిచారు. ఆ చిన్న మాటే ప్రయాణికుడు దిగవలసిన చోటు చెబుతుంది.

జనం వాడే మాటను పట్టుకోవాలి. దస్తావేజులలో విశాఖపట్నం అని ఉన్నా, వైజాగ్ అని వెతికేవారు ఎందరో. “పథ్యాహార విక్రయశాల” అని ఎవరూ వెతకరు. టిఫిన్ సెంటర్ అని వెతుకుతారు. అట్లాగని “బిలాస్‌పూర్ ఇళ్ళు, బిలాస్‌పూర్ అద్దె, బిలాస్‌పూర్ గదులు” అంటూ ఒకే మాటను దండగుచ్చితే, సెర్చ్ ఇంజన్ దానిని మోసంగా అనుమానిస్తుంది. మనిషికి విసుగు పుడుతుంది.

తెలుగు పుటకు తెలుగు పేరు

లోపల తెలుగులో వ్రాసి, పైన పేరు మాత్రం ఇంగ్లీషులో పెట్టడం చాలామందికి అలవాటు. పుటలోని ప్రధాన విషయం ఏ భాషలో, ఏ లిపిలో ఉన్నదో శీర్షిక కూడా ఆ భాషలో, ఆ లిపిలో ఉండాలన్నది గూగుల్ ఇచ్చే సలహా. ఇంటి భాష ఒకటి, గుమ్మం మీది పలక భాష మరొకటి అయితే వచ్చినవాడు గుమ్మం దగ్గరే తటపటాయిస్తాడు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ విషయంలో మంచి దారి చూపింది. తెలుగు నాట రామాపురాలు, కొత్తపల్లులు కోకొల్లలు. అక్కడ వ్రాసేవారు ఊరి పేరు పక్కన మండలం పేరు చేర్చి ఒక్కొక్క గ్రామానికి ఒక్కొక్క పుట ఏర్పరిచారు. ఒకే పేరు గల వాటినన్నిటినీ జాబితాగా చూపే పుటకు “అయోమయ నివృత్తి” అని పేరు పెట్టారు. శీర్షిక చేయవలసిన పనిని ఆ రెండు మాటలే చెబుతున్నాయి.

చివరిదీ, అన్నిటికన్న ముఖ్యమైనదీ నిజాయితీ. “పేరు గొప్ప, ఊరు దిబ్బ” అన్న సామెత వెబ్ పేజీలకూ వర్తిస్తుంది. “ఉచితం”, “అద్భుతం”, “నంబర్ వన్” అని పేరులో ఊరించి, లోపల ఏమీ చూపకపోతే, వచ్చినవాడు వెనువెంటనే వెనుదిరుగుతాడు. మరొకసారి ఆ గుమ్మం తొక్కడు. గ్రంథాలయ శాస్త్రానికి పునాదులు వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో ఒకటి, పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది. కార్డు మీది రెండు పంక్తులు చూసి పుస్తకం తనకు కావలసినదో కాదో పాఠకుడు తేల్చుకోగలగాలి. వెబ్ పేజీ శీర్షిక చేసే సేవ కూడా అదే. తనకు కావలసిన పుటను వెంటనే గుర్తించడం ఎంత మేలో, తనకు అక్కరలేని పుటను తెరవకుండానే దాటిపోగలగడం కూడా అంత మేలు.