కోసిగిలో కడలిచేప

గాజుతొట్టిలో వన్నెవన్నెల చేపలను పెంచుట నేడు పెక్కిండ్ల వేడుకయైనది. అందును సీతాకోకచిలుక చేపను చూచినవారు దానిని ఇంటికి తెచ్చుకొన గోరక మానరు. పళ్ళెమువలె పలుచని మేను, పసుపు తెలుపు నలుపు చారలు, కొన్నింటికి శత్రువును భ్రమింపజేయుటకై తోకచెంత కంటిని బోలిన మచ్చ! వీనిలో సుమారు 130 జాతులు గలవు. మన దేశమున మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములచెంతను, అండమానుదీవులచెంతను పగడపుదిబ్బల నాశ్రయించి యివి జీవించును.

1909లో మద్రాసునందు మత్స్యప్రదర్శనశాల వెలసినపుడు, దానికి కడలి వాకిటనే యుండెను. కోసిగి సంగతి వేరు. మద్రాసునుండి బొంబాయికి బోవు రైలుదారిలో ఆదోని దాటిన పిదప వచ్చు మన యూరికి తుంగభద్ర చేరువ గాని సముద్రము కడుదూరము. కావున సముద్రమును ఇంటనే సిద్ధపరచుకొనవలెను.

లీటరు కడలినీటిలో సుమారు 35 గ్రాముల లవణము లుండును. అది యంతయు వంటయుప్పు కాదు. మెగ్నీషియము, కాల్షియము మున్నగు లవణములును గలవు. కాన తొట్టికొరకై యమ్మెడు సముద్రలవణమునే శుద్ధజలమున కలుపవలెను. పులుసు మరిగినకొలది ఉప్పెక్కునట్లు, తొట్టినీరు ఆవిరియైనకొలది ఉప్పదనము హెచ్చును. తరిగినంత మంచినీరే పోయవలెను గాని ఉప్పునీరు పోయరాదు. పాలు తోడుకొనుటకు వ్యవధి కావలసినట్లే, చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా విషమును హరించు సూక్ష్మజీవులు తొట్టిలో నెలకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. అంతవరకు చేపను తేరాదు. నీటివేడిమి 24 మొదలు 27 డిగ్రీలుండిన మేలు. మన వేసవి యెండలు 40 డిగ్రీలు దాటును గనుక, నీటిని చల్లబరచు యంత్రమును, కరెంటు పోయినపుడు గాలినందించు బ్యాటరీ పంపును తప్పనిసరి.

ఇన్నియు నమర్చినను అసలు చిక్కు ఆహారమే. వీనిలో పెక్కుజాతులకు సజీవమైన పగడపుప్రాణులే మేత. 2001 నుండి వానికి వన్యప్రాణి సంరక్షణ చట్టమున రక్షణ కలదు; కొని మేపుటకు వీలులేదు. అట్టి చేప, రొయ్యముక్కలు వేసినను ముట్టక, నిర్మలమైన నీటిలోనే దినదినము కృశించి చచ్చును.

వీపురెక్క చివర దారమువంటి పోగుగల ఆరిగా యను జాతి మాత్రము రొయ్యలకును, పురుగులకును అలవాటుపడును. అదియు జానెడు పెరుగును; 400 లీటర్లకు తగ్గిన తొట్టి చాలదు. కొనుటకు ముందు దుకాణములో మీ యెదుటనే మేత వేయించి, తిన్న చేపనే తెచ్చుకొనుడు.

ఆకలియని నోరు తెరచి యడుగలేని ప్రాణిని ఇంటికి దెచ్చునపుడు, దాని కడుపు నింపగలమా యని ముందు విచారించుట గృహిణికి ధర్మము. అది సాధ్యము కానిచో మంచినీటి చేపలతో ముచ్చట తీర్చుకొని, దానిని పగడపుదిబ్బ చెంతనే బ్రతుకనిండు.