బొంకుల దిబ్బ నుంచి మన ఆడిటోరియం దాకా

ఫ్రెండ్స్, హైదరాబాద్‌లో నాటకం ఎక్కడ చూడాలి అంటే రవీంద్రభారతి అని టక్కున చెప్పేస్తాం. అదే ప్రశ్న విజయనగరం గురించి అడిగితే? ఒక్క అడ్రస్ చెప్పడం కష్టం. ఇక్కడ నాటకం కోట నీడలో పెరిగింది, వీధిలో బతికింది, తర్వాత హాళ్లలోకి వచ్చింది.

కోట నుంచే మొదలుపెడదాం. మనం ఇప్పుడు చదివే ‘కన్యాశుల్కం’లో తెర లేవగానే గిరీశం కనిపించేది బొంకుల దిబ్బ మీద. అది గురజాడ ఊహించి రాసిన చోటు కాదు, కోట దగ్గర నిజంగా ఉన్నదే. బొంకు అంటే అబద్ధం. అబద్ధాలతోనే బండి లాగించే మనిషిని అక్కడే నిలబెట్టి పరిచయం చేస్తే ఊళ్లోవాళ్లు ఎంత నవ్వుకుని ఉంటారో!

ఈ నాటకాన్ని మొదట ఆడింది విజయనగరంలోని జగన్నాథ విలాసినీ సభ, 1892లో. పుస్తకంగా వచ్చింది 1897లో. అంకితం ఆనంద గజపతి మహారాజుకి. ఆ పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. మహారాజు మన ప్రాంతంలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయిస్తే 1034 తేలాయట. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసిపిల్లలు కూడా ఉన్నారు. మనం పొట్ట పట్టుకుని నవ్వే నాటకం వెనక ఉన్న లెక్క అది.

అదే ముందుమాటలో ఇంకో మాట ఉంది. సంఘ సంస్కరణ కోసమే కాదు, తెలుగు భాష నాటకానికి పనికిరాదు అనే అపోహను పోగొట్టడానికి కూడా ఈ నాటకం రాశానన్నారు గురజాడ. ఆలోచిస్తే పాయింటు కరెక్టే. పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవచ్చు. స్టేజి మీద ఆ ఛాన్స్ లేదు, మాట చెవిన పడగానే తెలిసిపోవాలి. అందుకే పాత్రలు ఇళ్లలో, వీధుల్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడాయి. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి తిరగరాశారు. అది ఎంత పెద్దదంటే, ఆడేవాళ్లు కుదించుకోక తప్పదు.

అయితే జనం మాటలో ఆట కట్టడం అంతకుముందు లేదని కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తూర్పు భాగవతం ఉంది. రాత్రిపూట ఊరి నడుమ ఆట, మద్దెల మోత, మగవాళ్లే కట్టే సత్యభామ వేషం. టికెట్ లేదు, హాలు లేదు. గుండెల మీద రేకు గుళ్లు కట్టుకుని వాయిస్తూ ఎగిరే తప్పెటగుళ్లు ఉన్నాయి. ఏ ఊళ్లో ఆడితే అదే థియేటర్.

1950ల్లో ‘కన్యాశుల్కం’ను మళ్లీ జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన అన్నదమ్ములు జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి ముఖ్యులు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్పంతులు. మనకి ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిగా తెలిసిన సోమయాజులు, ఆ సినిమాకి ఎన్నో ఏళ్ల ముందే స్టేజి మీద రాటుదేలిన నటుడు.

ఇప్పుడు విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ ఉన్నాయి. గురజాడ ఉన్న ఇల్లూ విజయనగరంలో స్మారకంగా నిలిచి ఉంది. అంటే చోటుకి కొరత లేదు. కొరత ఎక్కడుందో మన ఫెస్ట్ స్కిట్లు గుర్తు తెచ్చుకోండి. హీరో టీవీ తెలుగు మాట్లాడతాడు. “ఏటి బాబూ, ఎక్కడికెల్తన్నావు?” అనే డైలాగ్ మాత్రం వాచ్‌మన్‌కి ఇస్తాం. హాలంతా నవ్వుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే మనమూ అలాగే మాట్లాడతాం కదా!

గురజాడ పోరాడింది తెలుగు స్టేజికి పనికిరాదన్న అపోహతో. మన యాస నవ్వించడానికి తప్ప పనికిరాదన్నది దానికి తమ్ముడులాంటి అపోహ. ఈసారి ఫెస్ట్‌కి స్కిట్ రాసేవాళ్లకి ఒక్కటే రిక్వెస్ట్. ఆ యాసని హీరోకి ఇచ్చి చూడండి. ప్రేమించినా, కోపమొచ్చినా, ఏడ్చినా మీ అమ్మానాన్నలు మాట్లాడినట్టే మాట్లాడనివ్వండి.