రెండింతలు లాగితే నాలుగింతలు

మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు బెంగుళూరుకు ఒకవైపు, సేలానికి ఒకవైపు చీలేది జోలార్పేటలో. పట్టాలే పంగగా చీలిన ఊరు కదా, పంగలకర్రతోనే మొదలుపెడదాం. దీన్ని క్యాటర్‌బాల్ అనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడి తమిళులకు అది ఉండికోల్.

పాత సైకిల్ ట్యూబును రెండు పట్టీలుగా కోసి, మధ్యలో తోలుముక్క కట్టి జానెడు లాగారనుకోండి. రెండు జానలు లాగితే రబ్బరులో దాగే శక్తి రెండింతలా? కాదు, దాదాపు నాలుగింతలు. లాగిన దూరమూ రెట్టింపే, లాగడానికి పట్టే బలమూ రెట్టింపే మరి. రాయిని నిట్టనిలువునా వదిలితే ఎక్కే ఎత్తు కూడా ఆ లెక్కనే పెరగాలి. 20 సెంటీమీటర్లు లాగేసరికి 5 కిలోల బరువు ఎత్తినంత బలం పట్టిందనుకుందాం. ఆ శక్తంతా 10 గ్రాముల రాయికి చేరితే అది 50 మీటర్లు ఎగరాలి. ఎగరదు. రబ్బరు తానూ కదలాలి, గాలినీ తోసుకుపోవాలి, కొంత వేడికీ పోతుంది.

ఆ వేడి సంగతి పెదవికి తెలుస్తుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పై పెదవికి తాకించండి, వెచ్చగా ఉంటుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదులు చేసి మళ్లీ తాకిస్తే చల్లన. 1805లో ఈ సంగతి రాసిన ఇంగ్లండు జాన్ గాఫ్‌కు చూపు లేదు, ఆయనా పెదవినే నమ్ముకున్నాడు.

సాగినకొద్దీ బలం పెరుగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో 14 అక్షరాల చిక్కుముడిగా అచ్చేసి, విప్పి చెప్పడానికి 1678 దాకా ఆగాడు. ఎవరైనా కాజేస్తారని భయం!

మిడతదీ పంగలకర్ర పనే. వెనక కాలు ముడిచి, మోకాలి దగ్గరి గట్టి పెంకును కండతో మెల్లగా వంచుతుంది. వదలడం మాత్రం కన్ను మూసి తెరిచేలోపే. కండ ఒక్కటే అయితే అంత వేగంగా తన్నలేదు.

జోలార్పేట జంక్షన్‌లో ఆగిన ఐసీఎఫ్ రకం రైలుపెట్టె కిందా స్ప్రింగులే. కానీ అక్కడ ఎగిరితే ప్రమాదం. అందుకే చక్రాల దగ్గరి స్ప్రింగుల్లో నూనె గొట్టాలు అమర్చారు, ఊపును నూనె మింగేస్తుంది.

విల్లూ పంగలకర్ర బంధువే. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. దాని కొసల్లో చక్రాలుంటాయి. నారిని పూర్తిగా లాగాక చేతిమీద బరువు చాలావరకు తగ్గిపోతుంది, శక్తి మాత్రం విల్లు రెక్కల్లోనే ఉంటుంది. గురి చూసేటప్పుడు చెయ్యి అంతగా వణకదు.

ఎవరి విల్లయినా మీ చేతికొస్తే, బాణం పెట్టకుండా నారి లాగి వదలకండి. బాణానికి పోవలసిన శక్తి విల్లుకే తగులుతుంది, రెక్కలు విరగవచ్చు.