నీలి వాండా : అడవి నుండి సీసాలోనికి

చెట్టుకొమ్మపై మొలచిన ప్రతి మొక్కను బదనిక యని తలచుట మనలో చాలమందికి అలవాటు. బదనిక తానున్న చెట్టు రసమును పీల్చి బ్రతుకును. ఆర్కిడ్ అట్టిది కాదు. అది బెరడును నిలుచుటకు మాత్రమే ఆశ్రయించి, వాననీటిని, గాలిలోని తేమను తన వ్రేళ్ళతోనే గ్రహించును. ఏ చెట్టుకును కీడు చేయని ఈ మొక్కకు మనుష్యుని వలన కలిగిన కీడు మాత్రము అంతయింత కాదు.

ఖాసీ కొండలలో పుష్పించు నీలి వాండాను 1837లో గ్రిఫిత్ కనుగొనెను. 1850లో జోసెఫ్ హుకర్ లండను సమీపమునందలి క్యూ ఉద్యానమునకై ఏడుగురు కూలీలు మోయునంత సేకరించెను. వానిలో ప్రాణముతో చేరినవి బహు స్వల్పము. హుకర్ వెంట తన తోటమాలిని పంపిన మరియొక పెద్దమనిషి ఒక్క మనిషి మోతను ఇంగ్లండు పంపగా, వాడి వడలియున్నను అవి 300 పౌనులకు అమ్ముడుపోయెను. ఆ ధర విన్న పిమ్మట అడవికి రక్షణ యెక్కడిది?

కొన్నవారైనను వానిని బ్రతికించుకొనగలిగిరా యన్న, అదియును లేదు. ఆనాటి సంపన్నులు ఆర్కిడ్లను గాలి చొరని గాజు గృహములలో, వేడి ఆవిరి నడుమ బంధించిరి. హుకర్ చూచిన వాండా అట్లు పెరుగలేదు. ఆకులు పలుచనైన గిడసబారిన ఓకు చెట్లపై ఎండకు, వానకు, గాలికి ఎదురొడ్డి నిలిచినది. పూచుకాలమున 60 నుండి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిమి. శీతకాలమున నేలపై పేరుకొను మంచు. తెచ్చినవి చచ్చుటయే మరల మరల అడవిపై పడుటకు కారణమయ్యెను.

మరి విత్తనములతో ఏల పెంచలేదు? వాండా ఒక్క కాండముతో పెరుగును గనుక దుంపవలె చీల్చి పంచుటకు వీలు లేదు. ఇక విత్తనములా, ఒక్క కాయలో లక్షలకొలది యుండును. కాని ధూళివంటి ఆ విత్తులో మొలకకు కావలసిన ఆహారపు నిలువ లేదు. అడవిలో ఒకజాతి శిలీంధ్రము విత్తులో ప్రవేశించి దానిని పోషించునని ఫ్రాన్సు దేశీయుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో గ్రహించెను. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ ఆ శిలీంధ్రమునకు బదులు చక్కెర నిచ్చి మొలకెత్తించవచ్చునని నిరూపించెను. ఆర్కిడ్ పెంపకము సామాన్యునకు అందుబాటులోనికి వచ్చుటకు ఈ పిడికెడు చక్కెరయే మూలము.

పద్ధతి చెప్పుటకు సులువు. చేతితో పరాగసంపర్కము చేసి, కాయ పగులక పూర్వమే కోసి, దాని పైతోలును శుద్ధిచేయుదురు. పచ్చికాయ లోపల సూక్ష్మజీవు లుండవు. లవణములు, చక్కెర, సముద్రపు నాచునుండి తీసిన అగర్ కలిపి ఆవిరిపై శుద్ధిచేసిన సీసాలో ఆ విత్తులను చల్లుదురు. చేయుట మాత్రము కష్టము. మేము ప్రయోగశాలలో ఆరు సీసాలు సిద్ధపరచగా, పదునొకండవ దినమున ఐదింటిని బూజు క్రమ్మెను. చక్కెర ఆర్కిడ్‌కు ఎంత ప్రియమో బూజుకు అంతకన్న ప్రియమని నాడు తెలిసినది. మిగిలిన ఒక్క సీసాలో ఆవగింజ పరిమాణమున పచ్చని గుళికలు తేలినప్పుడు మేము పాఠములు మరచి చూచితిమి.

ఆ గుళికలే క్రమముగా ఆకులను, వ్రేళ్ళను వేయును. ఇరుకైనప్పుడు క్రొత్త సీసాలకు మార్చి, గట్టిపడిన పిమ్మట అగరును కడిగి, బొగ్గు, పెంకు ముక్కలలో నాటుదురు. పెద్దదైన వాండాను చెక్కబుట్టలో వ్రేలాడదీసి వ్రేళ్ళను గాలికి వదలవలెను. పూవు కనబడుటకు ఏండ్లు పట్టును. మన మైదానపు వేసవి దీనికి పడదు. అయినను ఫిలిప్పైన్స్ దేశపు సాండర్ వాండాతో సంకరపరచి 1931లో నమోదు చేసిన రోత్‌షైల్డియానా వేడిని కొంత యోర్చుకొనును.

1960లో జార్జెస్ మోరెల్ సింబీడియం చిగురుకొన కణజాలమునుండి ఒకే పోలికగల మొక్కలను పొందు మార్గమును చూపెను. మెచ్చిన పూవునే కోరు సేకరణకర్తకు ఇది వరము. అడవికి తిరిగి నాటుటకు మాత్రము విత్తనపు మొక్కలే మేలని మా అభిప్రాయము. ఒకే అచ్చున పోసినవానిని ఒక్క తెగులే తుడిచిపెట్టగలదు.

అంతర్జాతీయ ఒప్పందమున కఠినమైన మొదటి జాబితాలో నుండిన నీలి వాండా 2004లో బాంకాక్ సమావేశమున రెండవ జాబితాకు మారినది. మన దేశమున 1991 సవరణ నాటినుండి దీనిని అడవినుండి పెరుకుట నేరము. అయినను దొంగచాటు వ్యాపారము ఆగలేదు. కొనువారు మొక్కను త్రిప్పి చూడవలెను. పెంపకపు మొక్క ఆకులు ఒకే తీరున నుండును. అడవి మొక్క ఆకులపై పురుగు కొరికిన మచ్చలు, వ్రేళ్ళు తెగిన గాయములు కానవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ వ్రేళ్ళకు ఓకు బెరడు ఇంకను అంటియుండును.