కారు డీటెయిలింగ్ సేవల ప్రణాళిక, ధర నిర్ణయం

కారు డీటెయిలింగ్ అనగా కారు లోపలి, వెలుపలి భాగాలను సాధారణ వాషింగ్ కంటే లోతుగా శుభ్రపరచి, రంగు మీది సన్నని గీతలను తగ్గించి, మెరుపు నిలిచేందుకు రక్షణ పూతలు వేసే సేవ. తెలుగునాట వాటర్ సర్వీసింగ్ సెంటర్లు చాలాకాలంగా ఉన్నాయి. డీటెయిలింగ్ వాటికి కొనసాగింపే అయినా, ఇందులో నీటికంటే మనిషి సమయం ఎక్కువగా ఖర్చవుతుంది. అందువలన కొత్తగా ఈ వ్యాపారం ప్రారంభించేవారు పక్క దుకాణం బోర్డును చూసి కాక, తమ పనిగంట ఖర్చును లెక్కించి ధరలు నిర్ణయించుకోవలసి ఉంటుంది. విశాఖపట్నం నగరంలోని కంచరపాలెం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ లెక్క ఇక్కడ వివరించబడినది.

కంచరపాలెం పరిసరాలు

కంచరపాలెం విశాఖపట్నంలో పాత నివాస ప్రాంతాలలో ఒకటి. ఊర్వశి కూడలి, ఇండస్ట్రియల్ ఎస్టేట్, ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. ఈ పరిసరాలలోనే ఉన్నాయి. 2018లో విడుదలైన "కేరాఫ్ కంచరపాలెం" చలనచిత్రం ద్వారా ఈ పేరు ఇతర ప్రాంతాలవారికి కూడా పరిచయమైనది. రైల్వే, ఓడరేవు, నౌకా నిర్మాణ సంస్థలు, ఉక్కు కర్మాగారం వంటివి నగరంలో ప్రధాన ఉపాధి కేంద్రాలు. ఇక్కడి కార్లపై మూడు విషయాల ప్రభావం ఎక్కువ.

* ధూళి: ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం పెద్ద మొత్తంలో ఎగుమతి, దిగుమతి అవుతాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోని నగరాలలో విశాఖపట్నం ఒకటి. గాలిలోని ఇనుప రేణువులు రంగుకు అంటుకొని తుప్పుపడితే చిన్న గోధుమ రంగు చుక్కలు ఏర్పడతాయి. మామూలు షాంపూతో ఇవి పోవు.
* ఉప్పు గాలి: సముద్రపు గాలిలోని లవణం వలన కారు అడుగుభాగం, తలుపుల అంచులు, బోల్టులు త్వరగా తుప్పుపడతాయి.
* తేమ, వానలు: జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు నెలలలో తుఫానులు సాధారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం వద్దనే తీరాన్ని దాటింది. వానాకాలంలో సీట్లకు, కార్పెట్లకు బూజు పట్టి వాసన వస్తుంది.

కనుక ఇనుప రేణువుల తొలగింపు, అడుగుభాగం వాషింగ్, లోపలి భాగాల శుభ్రత ఇక్కడ కేవలం అలంకారానికి సంబంధించినవి కావు. వాహనం మన్నికకు కూడా అవి అవసరం.

సేవల రకాలు

* ఫోమ్ వాష్: నురుగు చల్లి, మెత్తటి గ్లవ్‌తో రుద్ది, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం. షాంపూ నీటికి ఒక బకెట్, గ్లవ్ కడుక్కోవడానికి వేరే బకెట్ వాడితే ఇసుక మళ్ళీ రంగుమీదకు రాదు.
* ఇంటీరియర్ క్లీనింగ్: వాక్యూం చేయడం, సీట్లను షాంపూతో రుద్ది మురికి నీటిని యంత్రంతో పీల్చివేయడం, డాష్‌బోర్డు, ఏ.సి. గాలి రంధ్రాలు శుభ్రపరచడం.
* రేణువుల తొలగింపు: ఐరన్ రిమూవర్ అనే ద్రావణాన్ని చల్లినప్పుడు ఇనుముతో చర్య జరిగి ఊదా రంగుకు మారుతుంది. తరువాత క్లే బార్‌తో మిగిలిన గరుకుదనం తీస్తారు.
* రబ్బింగ్, పాలిష్: రంగు మీద ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ పొరను అతి స్వల్పంగా అరగదీసి గీతలు తగ్గించడం. కంపెనీ రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతు. క్లియర్ కోట్ అందులో ఒక భాగం మాత్రమే. కావున ఈ పనిని ప్రతి ఏటా చేయించడం మంచిది కాదు.
* పూతలు: వ్యాక్స్, సీలెంట్, సెరామిక్ కోటింగ్, పి.పి.ఎఫ్. అనే రక్షణ ఫిల్మ్. సెరామిక్ కోటింగ్ ప్రకటనలలో కనిపించే "9 హెచ్" అనేది పెన్సిల్ గీత పరీక్షకు చెందిన కొలత. దాని అర్థం కారుకు ఇక గీతలే పడవని కాదు.

కొత్త దుకాణం ఈ సేవలన్నిటినీ మొదటి రోజునుండే అందించనవసరం లేదు. మొదటి మూడింటితో ప్రారంభించి, పనివారికి చేయి తిరిగిన తరువాత పాలిష్, ఆపై సెరామిక్ కోటింగ్ చేర్చుకోవచ్చును. పాలిష్ యంత్రాన్ని ఒకేచోట ఎక్కువసేపు నొక్కితే క్లియర్ కోట్ కాలిపోతుంది. అప్పుడు ఆ భాగానికి మళ్ళీ పెయింటింగ్ చేయించే ఖర్చు దుకాణందారుపైనే పడుతుంది.

పనిగంట ఖర్చు

ధర నిర్ణయానికి మొదటి మెట్టు ఒక మనిషి ఒక గంట పనిచేస్తే ఎంత ఖర్చవుతుందో తెలుసుకోవడం. క్రింది అంకెలు లెక్కించే పద్ధతిని చూపడానికి తీసుకున్న ఊహాత్మక అంకెలు మాత్రమే.

ఇద్దరు పనివారు, యజమాని ఉన్న చిన్న దుకాణానికి నెల ఖర్చు:

* అద్దె: 18,000 రూపాయలు
* ఇద్దరి జీతాలు: 30,000
* కరెంటు, నీరు: 7,000
* అప్పు వాయిదా: 9,000 (సుమారు 4 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, 5 సంవత్సరాలు)
* యంత్రాల మరమ్మతు, అరుగుదల: 4,000
* ప్రచారం, ఫోను: 2,000
* యజమాని జీతం: 25,000
* మొత్తం: 95,000 రూపాయలు

యజమాని జీతాన్ని ఖర్చులో చేర్చడం ముఖ్యం. చాలామంది మిగిలినదే తమ ఆదాయమని భావించి దీనిని వదిలివేస్తారు. అప్పుడు ఏమీ మిగలని నెలలో ఇల్లు గడవడానికి దుకాణం డబ్బును, ఆపై అప్పు వాయిదాను వాడుకోవలసి వస్తుంది.

ఇద్దరు పనివారు నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 416 గంటలు అందుబాటులో ఉంటారు. కాని అన్ని గంటలకూ కార్లు రావు. యజమాని కార్లను పరీక్షించడం, వినియోగదారులతో మాట్లాడటం చూసుకుంటారు కనుక ఆయన సమయాన్ని ఇందులో కలపలేదు. పని దొరికిన గంటలను బట్టి గంట ఖర్చు ఇలా మారుతుంది.

* 80 శాతం, అనగా 333 గంటలు నిండితే: గంటకు 285 రూపాయలు
* 60 శాతం, అనగా 250 గంటలు నిండితే: గంటకు 380 రూపాయలు
* 40 శాతం, అనగా 166 గంటలు నిండితే: గంటకు 572 రూపాయలు

కొత్త దుకాణం 80 శాతం నిండుతుందని ఊహించి ధరలు పెట్టడం ప్రమాదకరం. 60 శాతం లేదా అంతకు తక్కువ అంచనాతో లెక్కించడం మేలు.

ధర లెక్క

ధర = (పనిగంటలు × గంట ఖర్చు) + సామగ్రి ఖర్చు + లాభం. గంట ఖర్చు 380 రూపాయలు, లాభం 15 శాతం అనుకుంటే చిన్న కారుకు ధరలు ఇలా వస్తాయి.

* ఫోమ్ వాష్: 1 గంట, సామగ్రి 40 రూపాయలు. ఖర్చు 420, ధర సుమారు 480.
* ఇంటీరియర్ క్లీనింగ్: 4 గంటలు, సామగ్రి 250 రూపాయలు. ఖర్చు 1,770, ధర సుమారు 2,050.
* ఒక విడత పాలిష్: 8 గంటలు, సామగ్రి 600 రూపాయలు. ఖర్చు 3,640, ధర సుమారు 4,200.

ఇక్కడ గంట అనగా ఒక మనిషి గంట. ఇద్దరు కలిసి అరగంట పనిచేసినా ఒక గంటగానే లెక్కించాలి. సెడాన్, ఎస్‌యూవీ వంటి పెద్ద వాహనాలకు అదనంగా పట్టే సమయాన్ని బట్టి ధర పెరుగుతుంది.

ఈ ధరలతో నెలకు 60 వాష్‌లు, 25 ఇంటీరియర్ పనులు, 11 పాలిష్ పనులు దొరికితే 248 గంటలు నిండుతాయి. రాబడి 1,26,250 రూపాయలు. సామగ్రికి 15,250, నెల ఖర్చులకు 95,000 పోగా 16,000 రూపాయలు మిగులుతుంది. అదే దుకాణం పక్కవారితో పోటీపడి 300 రూపాయల వాష్‌లు మాత్రమే చేసి 250 గంటలనూ నింపితే, సామగ్రి పోను వచ్చేది 65,000 రూపాయలే. దుకాణం ముందు రోజంతా కార్లు నిలిచి ఉన్నా యజమానికి జీతం ఉండదు. మిగిలిన ఖర్చులకు కూడా 5,000 రూపాయలు తక్కువ పడుతుంది.

ఖాళీ గంట, నిండు గంట

అంతమాత్రాన చవక వాష్ ఎల్లప్పుడూ నష్టమేనని చెప్పలేము. పనివారు ఊరికే కూర్చున్న మధ్యాహ్నం 300 రూపాయల వాష్ వస్తే, 40 రూపాయల సామగ్రి పోను 260 రూపాయలు అద్దె, జీతాల వైపు చేరుతాయి. పని రాకపోయినా ఆ గంట జీతం ఇవ్వవలసినదే. అదే వాష్ కోసం ఆదివారం ఉదయం ఇంటీరియర్ పనిని వెనక్కి పంపితే మాత్రం నష్టం. కాబట్టి తగ్గింపు ధరలను రద్దీ లేని రోజులకు, వేళలకు పరిమితం చేయడం ఉత్తమం.

బేరమాడే వినియోగదారుకు ధర తగ్గించడం కంటే పని తగ్గించడం మంచి పద్ధతి. ఉదాహరణకు సీట్ల షాంపూ వదలి వాక్యూం, డాష్‌బోర్డు మాత్రమే చేస్తామని చెప్పవచ్చును. అదే పనిని ఒకరికి ఒక ధరకు, మరొకరికి వేరొక ధరకు చేస్తే ఆ విషయం త్వరలోనే అందరికీ తెలుస్తుంది.

రోజువారీ ప్రణాళిక

డీటెయిలింగ్‌లో పనిగంటలతోపాటు స్థలం కూడా పరిమితమే. సెరామిక్ కోటింగ్ పూర్తయ్యేవరకు కారు ధూళి పడని మూసిన గదిలో ఉండాలి. ఆరేవరకు నీరు తగలరాదు. తేమ ఎక్కువైతే పూత ఆరే తీరు మారుతుంది కనుక సముద్రతీర నగరంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇలా ఒక కారు రెండు రోజులు గదిని ఆక్రమిస్తే, ఆ రెండు రోజులలో అక్కడ జరగవలసిన ఇతర పనుల రాబడిని కూడా దాని ధరలో లెక్కించాలి.

కారు తీసుకునేటప్పుడు చేయవలసినవి:

* పగటి వెలుతురులో కారు చుట్టూ చూసి, ఉన్న గీతలను, సొట్టలను ఫొటో తీయడం
* చేయబోయే పనులు, ధర, తిరిగి ఇచ్చే సమయం జాబ్ కార్డులో వ్రాసి సంతకం తీసుకోవడం
* పోని గీతలు, మరకలు ఏవో ముందే చెప్పడం
* సీట్ల కింద ఉన్న వస్తువులను యజమానికి అప్పగించడం

గోటికి తగిలేంత లోతైన గీత పాలిష్‌తో పూర్తిగా పోదు. ఈ మాటను పని తరువాత చెబితే సాకుగా వినబడుతుంది.

ఇంటివద్దకు వెళ్ళి చేసే సేవలో ప్రయాణ సమయాన్ని కూడా పనిగంటలలో కలపాలి. రానుపోను గంట పట్టే ఫోమ్ వాష్‌కు దుకాణంలోని ధర సరిపోదు. ఒకే అపార్ట్‌మెంటులో నాలుగైదు కార్లు కలిపి చేస్తే ఈ భారం తగ్గుతుంది.

గిరాకీ కాలాలు

దసరాకు ఆయుధపూజ, వాహనపూజల ముందు గిరాకీ ఎక్కువ. సంక్రాంతి ప్రయాణాలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు కూడా కలిసివస్తాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు, కొత్త వాహనాల కొనుగోళ్ళు తగ్గుతాయి. అదే సమయంలో వానలు మొదలవడంతో బయటి వాష్‌లు తగ్గి, అడుగుభాగం శుభ్రత, బూజు తొలగింపు పనులు వస్తాయి. మంచి నెలల మిగులులో కొంత భాగాన్ని ఈ నెలల అద్దె, జీతాల కొరకు విడిగా ఉంచాలి.

నీరు, అనుమతులు

చిన్న ప్రెషర్ పంపు నిమిషానికి 6 నుండి 8 లీటర్ల నీరు వాడుతుంది. 15 నిమిషాలకు 90 నుండి 120 లీటర్లు అవుతుంది. ఆపకుండా వదిలిన మామూలు పైపుతో దీనికి రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువ ఖర్చు కావచ్చును. 2024 మార్చిలో నీటి ఎద్దడి కారణంగా బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. నీటిమీద మాత్రమే ఆధారపడిన దుకాణానికి ఇటువంటి వేసవి పెద్ద దెబ్బ. మురికి నీరు నిలిచి తేరుకునే తొట్టి, నూనెను వేరుచేసే అమరిక ఉంటే కొంత నీటిని మొదటి విడత కడగడానికి తిరిగి వాడవచ్చును.

దుకాణానికి నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు కావాలి. వ్యర్థ జలాల విషయమై కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు, బోరు తవ్వకానికి 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తాయి. చక్రాలు శుభ్రపరిచే కొన్ని ద్రావణాలలో తీవ్రమైన ఆమ్లాలు ఉంటాయి. పనివారికి గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కులు ఇవ్వడం సామగ్రి ఖర్చులో భాగం.

పన్ను, రుణం

2017 జూలై 1 నుండి అమలులో ఉన్న వస్తు సేవల పన్ను ప్రకారం, ఆంధ్ర ప్రదేశ్‌లో సేవల వ్యాపారం సాలు రాబడి 20 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పనిసరి. ఈ సేవలపై సాధారణ పన్ను 18 శాతం. 2,000 రూపాయల ధరను మార్చకుండా అందులోనుండే పన్ను కడితే దుకాణానికి మిగిలేది 1,695 రూపాయలు. నెల రాబడి లక్షన్నర దాటుతున్నప్పుడే ధరల పట్టికను మళ్ళీ లెక్కించుకోవాలి.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు తరగతి క్రింద 50 వేలు, కిశోర్ క్రింద 5 లక్షలు, తరుణ్ క్రింద 10 లక్షల రూపాయల వరకు రుణం పొందవచ్చును. అప్పుతో కొన్న యంత్రం ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. అందువలన ఖరీదైన యంత్రాలను, ఆ పనికి గిరాకీ ఉన్నదని కొన్ని నెలల జాబ్ కార్డుల ద్వారా తెలిసిన తరువాతనే కొనడం క్షేమకరం. ప్రతి పనికి అనుకున్న సమయాన్ని, నిజంగా పట్టిన సమయాన్ని ఆ కార్డులలోనే నమోదు చేస్తే, మూడు నెలల తరువాత ఊహాత్మక అంకెల స్థానంలో దుకాణం సొంత అంకెలు చేరతాయి. ధరల పట్టికను వాటి ఆధారంగా సవరించుకోవాలి.

ఇవి కూడా చూడండి

* కంచరపాలెం
* విశాఖపట్నం
* వస్తు సేవల పన్ను
* ప్రధానమంత్రి ముద్రా యోజన